పెసరగింజంత ఇంజను గంట: నమూనా రైళ్ల ఇత్తడి పోతలో చిక్కులు

ఆవిరి ఇంజన్ల కాలంలో అమెరికా రైళ్ల బాయిలరు మీద ఒక గంట వేలాడుతూ ఉండేది. స్టేషను సమీపిస్తున్నప్పుడు, ఊరి నడుమ రోడ్డు దాటుతున్నప్పుడు దానిని మోగించేవారు. అటువంటి గంట ఒకటి వంద కిలోలు తూగిందనుకుందాం. దానినే 87వ వంతు కొలతకు కుదించి, అదే లోహంతో పోస్తే బరువు సుమారు 0.15 గ్రాము ఉంటుంది. చేతిలో పెట్టుకుంటే పెసరగింజంత.

వంద కిలోల గంట పోయాలంటే పెద్ద కొలిమి కావాలి, మనుషుల బలగం కావాలి. పెసరగింజంత గంటకు అవేవీ అక్కర్లేదు కనుక పని సులువని ఎవరైనా అనుకుంటారు. నమూనా రైళ్లకు విడిభాగాలు పోసేవారి అనుభవం మాత్రం ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. రైలును కాగితం మీద ఎంతకైనా కుదించవచ్చు. కరిగిన ఇత్తడి తలతన్యతను, అది గడ్డకట్టే తీరును, జింకు మరిగే ఉష్ణోగ్రతను ఎవరూ కుదించలేరు. ఈ పనిలోని చిక్కులు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

నమూనా రైళ్ల నిర్మాణం అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్ దేశాలలో దశాబ్దాలుగా వేళ్లూనుకున్న అభిరుచి. ఎక్కువ మంది ఎంచుకునే కొలత 'హెచ్‌ఓ', అంటే అసలులో 87వ వంతు. అంతకంటే చిన్నది 'ఎన్', అమెరికాలో 160వ వంతు. పెద్దదైన 'ఓ' కొలత అమెరికాలో 48వ వంతు, బ్రిటన్‌లో 43.5వ వంతు. పిల్లలు ఆడుకునే బొమ్మ రైలుకు, ఈ నమూనాలకు తేడా వివరాలలో ఉంటుంది. ఫలానా కంపెనీ, ఫలానా ఏడాది నడిపిన ఇంజనుకు గాలి పంపు ఏ వైపు ఉండేదో, దీపం ఏ ఆకారంలో ఉండేదో చూసి మరీ అమర్చుకుంటారు. ఈ వివరాల మీద మరీ పట్టుదల ఉన్నవారిని తోటివారు సరదాగా 'రివెట్లు లెక్కపెట్టేవాళ్లు' అంటారు.

గంట, ఈల, కవాటం, గాలి పంపు, దీపం, చేతికమ్మీ నిలువులు వంటి చిన్న భాగాలకు ఇత్తడి పోతే నమ్మకమైన మార్గంగా స్థిరపడింది. సీసం, తగరం కలిసిన తెల్లలోహం చౌక, తక్కువ వేడికే కరుగుతుంది. కాని మెత్తన. సన్నని మీటను దానితో చేస్తే వేలు తగిలితే వంగిపోతుంది. జింకు మిశ్రమాన్ని ఉక్కు అచ్చులలోకి ఒత్తిడితో కొట్టే పద్ధతి ఉన్నా, అచ్చు ఖరీదు రాబట్టాలంటే వేల సంఖ్యలో అమ్మాలి. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు ఆ పద్ధతిలో వచ్చిన బొమ్మ రైళ్లలో చాలావాటిని మరో రోగం పట్టుకుంది. మిశ్రమంలో కలిసిన కొద్దిపాటి సీసం వల్ల లోహం లోలోపలే చీలి, అట్టల్లాగా పెళుసుబారి రాలిపోయింది. ఇత్తడికి ఆ బెడద లేదు. బాయిలరు రేకుకు టంకంతో చక్కగా అతుకుతుంది కూడా. కొన్ని డజన్లో, కొన్ని వందలో భాగాలు కావలసినప్పుడు ఇన్వెస్ట్‌మెంట్ పోత తప్ప తగిన దారి లేదు.

పెట్టుబడి కాదు, వస్త్రం

ఈ పేరు వినగానే డబ్బు గుర్తుకు రావడం సహజం. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. వస్త్రానికి లాటిన్‌లో ఉన్న మాట నుంచి అది పుట్టింది. మైనపు బొమ్మకు పిండివంటి పదార్థాన్ని బట్టలా తొడిగి, మైనాన్ని కరిగించి, ఏర్పడిన బోలులోకి లోహం పోయడమే ఆ ప్రక్రియ.

భారతదేశానికి ఇది కొత్త విద్య కాదు. మొహంజొదారోలో దొరికిన, పదిన్నర సెంటీమీటర్ల ఎత్తున్న నర్తకి కంచు బొమ్మను ఈ విధంగానే పోశారని పురావస్తు పండితులు భావిస్తారు. సంస్కృత శిల్ప గ్రంథాలు దీనినే మధూచ్ఛిష్ట విధానం అన్నాయి. తేనె తీయగా మిగిలేది మధూచ్ఛిష్టం, అంటే మైనం. తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతపు వోజ్ కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి చేసే డోక్రా బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే డోక్రాలో ప్రతి బొమ్మకు అచ్చు పగిలిపోతుంది. ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. ఆ కళ అందమే అది. నమూనా రైలుకు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఒక ఇంజనుకు పన్నెండు చేతికమ్మీ నిలువులు ఉంటే, పన్నెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి.

ఆ కచ్చితత్వం ఈ పోతకు దంతవైద్యం నుంచి వచ్చింది. 1907లో విలియం టాగర్ట్ అనే అమెరికా దంతవైద్యుడు పళ్లలో అమర్చే బంగారు పూరకాలను ఈ పద్ధతిలో పోసి చూపించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో విమాన ఇంజన్లకు కావలసిన రెక్కల కోసం పరిశ్రమ దానిని చేపట్టింది. యుద్ధానంతరం నగల తయారీదారులకు, వారి వెనుకే నమూనా రైళ్ల భాగాలు చేసే చిన్న చిన్న వ్యాపారులకు అది అందుబాటులోకి వచ్చింది. తరువాతి దశాబ్దాలలో జపాన్, కొరియా కార్ఖానాలు వందలాది పోత భాగాలతో మొత్తం ఇత్తడి ఇంజన్లనే తయారుచేసి అమెరికాకు పంపాయి.

మైనం దశలోనే సగం కష్టం

పని ఒక మూల నమూనాతో మొదలవుతుంది. సాధారణంగా దానిని ఇత్తడిలో చేతితో చెక్కి చేస్తారు. దాని చుట్టూ రబ్బరు అచ్చు తయారవుతుంది. ఆ అచ్చులోకి కరిగిన మైనాన్ని పంపి, ఎన్ని కావాలంటే అన్ని మైనపు నకళ్లు తీస్తారు. ఇందులో రబ్బరు కుంచించుకుంటుంది, మైనం కుంచించుకుంటుంది, చివరకు లోహమూ కుంచించుకుంటుంది. వాడే పదార్థాలను బట్టి మొత్తం మీద రెండు నుంచి ఐదు శాతం దాకా కొలత తగ్గుతుంది. మూల నమూనాను ముందే ఆ మేరకు పెద్దదిగా చేయాలి. మందమైన చోట ఒక తీరుగా, సన్నని చోట మరో తీరుగా కుంచించుకోవడం వల్ల ఈ లెక్క ఎన్నడూ పూర్తిగా తెగదు.

అసలు ఇంజనుకు చేతితో పట్టుకునే కమ్మీ ఒకటింపావు అంగుళం మందం ఉందనుకుంటే, హెచ్‌ఓ కొలతలో అది 0.36 మిల్లీమీటరు. అంత సన్నని మైనపు పోగును రబ్బరులోంచి విరగకుండా లాగడానికి ఓర్పు కావాలి. మైనాన్ని ఎక్కువ ఒత్తిడితో పంపితే రబ్బరు ఉబ్బి భాగం లావెక్కుతుంది. తక్కువ ఒత్తిడితో పంపితే కొసలు నిండవు. అచ్చు రెండు సగాలు కలిసే చోట 0.05 మిల్లీమీటరు జరుగు వచ్చిందంటే, అసలు ఇంజను మీద అది నాలుగు మిల్లీమీటర్లకు పైబడిన మెట్టుతో సమానం. చేతి వేడికే వంగే ఆ మైనపు ముక్కలను ఒక్కొక్కటిగా మధ్య కాడకు అతికించి, చెట్టు ఆకారంలో నిలబెడతారు. పనివారు దానిని చెట్టు అనే పిలుస్తారు.

ఈ చెట్టును ఉక్కు గొట్టంలో నిలిపి, జిప్సం, సిలికా పొడుల మిశ్రమాన్ని నీటితో కలిపి పోస్తారు. నూరు పాళ్ల పొడికి సుమారు నలభై పాళ్ల నీరు. కలిపినప్పటి నుంచి గట్టిపడేలోగా చేతిలో ఉండేది తొమ్మిది పది నిమిషాలు. ఆ లోపలే కలపాలి, శూన్యయంత్రంతో గాలి తీయాలి, గొట్టంలో పోయాలి, మళ్లీ గాలి తీయాలి.

గాలి పూర్తిగా పోకపోతే బుడగలు మైనాన్ని అంటుకుని ఉండిపోతాయి. లోహం పోసినప్పుడు ప్రతి బుడగా ఒక ఇత్తడి పూసగా మారుతుంది. పెద్ద వస్తువు మీద ఇటువంటి పూసను ఆకురాయితో రెండు సార్లు గీస్తే పోతుంది. నమూనా రైలులో సంగతి వేరు. అసలు బాయిలరు మీది రివెటు తల 87వ వంతు కొలతలో 0.3, 0.4 మిల్లీమీటరు ఉంటుంది. బుడగ పరిమాణమూ అంతే. అంటే లోపం కూడా రివెటులాగే కనిపిస్తుంది. వరుసగా ఉన్న ఇరవై రివెట్ల మధ్య ఇరవైయొకటవది దొంగ రివెటని భూతద్దంలో చూసి పట్టుకోవాలి. దానిని గీకేటప్పుడు పక్కనున్న నిజమైన వాటిని కాపాడాలి. చాలాసార్లు ఆ భాగాన్ని పక్కన పడేయడమే మేలనిపిస్తుంది.

గట్టిపడిన అచ్చును బట్టీలో పెట్టి, మైనం కారిపోయి, మిగిలిన మసి కూడా కాలిపోయేదాకా పది పన్నెండు గంటలు వేడి చేస్తారు. చివరి వేడి సుమారు 730 డిగ్రీల సెల్సియస్. తొందరపడితే లోపలి తేమ ఆవిరై అచ్చును చీలుస్తుంది. సిలికా స్ఫటికాలు కొన్ని ఉష్ణోగ్రతల దగ్గర హఠాత్తుగా వ్యాకోచిస్తాయి. క్వార్ట్జ్ విషయంలో అది 573 డిగ్రీలు. ఆ మెట్లను నెమ్మదిగా దాటించకపోతే అచ్చులో పగుళ్లు ఏర్పడి, పోత మీద పల్చని రెక్కలుగా తేలతాయి. మసి మిగిలిపోయినా, వేడి హద్దు మీరినా జిప్సం విచ్ఛిన్నమై గంధక వాయువు విడుదల చేస్తుంది. అప్పుడు లోహం పైపొర గరుకెక్కుతుంది.

అర సెకను వ్యవధి

ఇక లోహం పోసే ఘట్టం. 1940లో నికొలాస్ ఖ్వోరినోవ్ అనే చెక్ ఇంజనీరు పోతపనికి ఆధారమైన ఒక సూత్రాన్ని ప్రకటించాడు. వస్తువు ఘనపరిమాణాన్ని దాని ఉపరితల వైశాల్యంతో భాగించగా వచ్చిన సంఖ్య వర్గాన్ని బట్టి, లోహం గట్టిపడే సమయం ఉంటుందని దాని సారాంశం. ఒకే ఆకారాన్ని, ఒకే లోహంతో, ఒకే రకం అచ్చులో 87 రెట్లు చిన్నదిగా పోస్తే అది గట్టిపడే సమయం 87 రెట్లు కాదు, 7,569 రెట్లు తగ్గుతుంది. అసలు భాగం చల్లారి గట్టిపడటానికి గంట పట్టేదయితే, నమూనా భాగానికి అర సెకను కూడా ఉండదన్నమాట. ఆ అర సెకనులోనే ఇత్తడి కాడలోంచి కొమ్మకు, కొమ్మలోంచి 0.36 మిల్లీమీటరు పోగు కొసకు చేరాలి.

చేరనివ్వకుండా మరో శక్తి అడ్డుపడుతుంది. కరిగిన లోహం నీటిలాగా సన్నని రంధ్రంలోకి తనంతట తాను పాకదు. తలతన్యత వల్ల తామరాకు మీది నీటిబొట్టులా గుండ్రంగా ముడుచుకుని వాకిట్లోనే నిలబడిపోతుంది. రాగి తలతన్యత ఆధారంగా లెక్క కడితే, 0.4 మిల్లీమీటరు వ్యాసం ఉన్న రంధ్రంలోకి లోహాన్ని దించడానికి సుమారు పదిహేను సెంటీమీటర్ల ఎత్తున్న లోహస్తంభం బరువు కావాలి. చిన్న గొట్టంలో అంత ఎత్తు ఎక్కడిది? అందుకే మామూలుగా వంచి పోస్తే ఈ భాగాలు రావు. వడిసెల లాగా గిర్రున తిరిగే చేతి కొసన అచ్చును బిగించి అపకేంద్ర బలంతో లోహాన్ని తోస్తారు. లేదా అచ్చు అడుగు నుంచి శూన్యయంత్రంతో గాలిని పీల్చి, పైనున్న వాతావరణ పీడనంతో లోపలికి దింపుతారు.

వేడి పెంచితే లోహం మరికొంతసేపు ద్రవంగా ఉంటుంది కదా అన్న ఆలోచన వస్తుంది. అక్కడ జింకు ఎదురుతిరుగుతుంది. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. జింకు 907 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. సన్నని భాగాలు నిండాలంటే ఇత్తడిని వెయ్యి డిగ్రీల దాకా తీసుకుపోవాలి. మూసలోంచి తెల్లని పొగ లేవడం మొదలైందంటే జింకు వెళ్లిపోతోందని అర్థం. ఆ పొగతో పాటు మిశ్రమం పాళ్లూ మారిపోతాయి. ఒకసారి పోయగా మిగిలిన కాడలనే మళ్లీ మళ్లీ కరిగిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. లోహానికి బదులు అచ్చునే మరింత వేడిగా ఉంచితే కొసలు నిండుతాయి గాని పైపొర గరుకెక్కుతుంది, లోపల సన్నని రంధ్రాలు పడతాయి. అచ్చును ఐదు వందల డిగ్రీల చుట్టుపక్కల ఉంచి పోయడం వాడుక. ఎక్కడ ఆగాలో భాగం ఆకారాన్ని బట్టి ప్రతిసారీ తేల్చుకోవలసిందే. కొందరు జింకు తక్కువున్న మిశ్రమాలు, మరికొందరు మనవారు జర్మన్ సిల్వర్ అని పిలిచే రాగి, నికెల్, జింకు మిశ్రమం వాడతారు. ఆ తెల్లని లోహం గట్టిది, చూడటానికి ఉక్కులా ఉంటుంది. అయితే దానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి.

కాడ ఎక్కడ అతకాలన్నది మరో తగువు. లోహం మందమైన చోట నుంచి సన్నని చోటికి ప్రవహించాలి, సన్నని కొస ముందు గట్టిపడాలి, కాడ చివరకు గట్టిపడాలి. లేకపోతే మధ్యలో గుంట పడుతుంది. మందమైన చోటంటే తరచుగా కంటికి ఎదురుగా కనిపించే చోటే అవుతుంది. కాడను తెంచి ఆకురాయితో నునుపు చేస్తే అక్కడి వివరమంతా పోతుంది. అందువల్ల బాయిలరుకు అతికే వెనుక వైపును వెతికి అక్కడ కాడ పెట్టగలిగిన పనివాడే మంచి పనివాడు.

ఈ పని ఇంట్లో చేసుకునేవారికి ప్రమాదాలూ తక్కువేమీ కావు. జింకు పొగ పీల్చితే కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గే ఈ బాధ ఇత్తడి పోతపనివారికి పాత పరిచయమే. సిలికా పొడి అంతకంటే కపటి. రాతి పని చేసే కార్మికుల ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్‌కు కారణం అదే ధూళి. అది ఏళ్ల తరబడి చేరుతుంది, చేరాక తిరిగి రాదు. పొడి కలిపేటప్పుడు, అచ్చు పగలగొట్టేటప్పుడు ధూళిని వడకట్టే సరైన మాస్కు లేకుండా కూర్చోవడం, తేమ ఉన్న అచ్చులో లోహం పోయడం రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. తేమ తగిలితే నీరు ఒక్క క్షణంలో ఆవిరై కరిగిన లోహాన్ని చిమ్ముతుంది.

నకలుకు నకలు

పదిహేను ఇరవై ఏళ్లుగా త్రీడీ ముద్రణ ఈ రంగంలోకి వచ్చింది. మూల నమూనా చెక్కవలసిన పని లేదు, రబ్బరు అచ్చూ అక్కర్లేదు. కంప్యూటరులో గీసిన భాగాన్ని మైనంతోనో, కాలిపోయే రెజిన్‌తోనో నేరుగా ముద్రించి చెట్టుకు అతికించవచ్చు. కుంచించుకునే శాతాన్ని తెర మీదే కలుపుకోవచ్చు. అయినా కొత్త సాధనం కొత్త చిక్కు తెచ్చింది. ముద్రణ 0.025 నుంచి 0.05 మిల్లీమీటరు పొరలుగా సాగుతుంది. నగలకు మెరుగు పెట్టేటప్పుడు ఆ పొరల గీతలు అరిగిపోతాయి. రివెట్లున్న భాగానికి మెరుగు పెడితే రివెట్లే అరిగిపోతాయి. హెచ్‌ఓ కొలతలో ఆ గీత, అసలు ఇంజను మీద రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మెట్టుతో సమానం. పైగా చాలా రెజిన్‌లు మైనంలా కరిగి జారిపోవు. వేడికి ముందు ఉబ్బి, అచ్చు గోడలను నెట్టి, ఆ తరువాతే కాలుతాయి. బూడిద మిగిల్చేవీ ఉన్నాయి. వాటికి ప్రత్యేకమైన పొడి, మరింత నిదానమైన బట్టీ కావాలి.

ఇన్ని ఉన్నా ఫైలుకు ఒక గొప్ప మేలుంది. అది ముడుచుకుపోదు. రబ్బరు అచ్చు ముడుచుకుపోతుంది, చీలుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ఈ భాగాలు చేసినవారిలో చాలామంది ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురితోనో పని నడిపినవారు. వారు వృద్ధులై దుకాణం మూసినప్పుడు మూల నమూనాలు ఎవరి చేతికీ అందకపోతే ఆ భాగాలు అక్కడితో ఆగిపోతాయి. మిగిలిన ఒక్క పోతను తీసుకుని దాని నుంచి కొత్త అచ్చు చేద్దామంటే లెక్క అడ్డొస్తుంది. మూడు శాతం కుంచించుకున్న భాగం నుంచి తీసిన నకలు మళ్లీ మూడు శాతం తగ్గుతుంది. 30 మిల్లీమీటర్లు ఉండవలసిన గాలి పంపు 29.1 అవుతుంది, దాని నకలు 28.2 అవుతుంది. దానితో పాటు అంచులూ మొద్దుబారుతాయి. రెండు తరాలకు ఆ భాగం ఏ ఇంజనుకూ సరిపోదు. కొన్ని అమెరికా, బ్రిటిష్ ఇంజన్ల అసలు రూపాలు ఏనాడో తుక్కుగా మారాయి. అటువంటి వాటి గాలి పంపో, దీపమో త్రిమాన రూపంలో మిగిలి ఉన్నది అభిరుచి గల ఒక పనివాడి సొరుగులో మాత్రమే కావచ్చు.

భారతీయ రైళ్లను నమూనాగా చేసేవారికి కష్టం మరో వైపు నుంచి వస్తుంది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19.26 మిల్లీమీటర్లు. ప్రపంచమంతటా అమ్మే హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది 1,435 మిల్లీమీటర్ల గేజికి తగినది. కాబట్టి 1947 నుంచి మన పట్టాలెక్కిన డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజనును సరైన వెడల్పుతో చేయాలనుకున్నవారికి చక్రాల దగ్గర నుంచి దీపం దాకా తయారుగా దొరికేవి తక్కువ. ఎవరికి వారు గీసుకుని, పోయించుకోవలసిందే.

ఆ పోయించే చోటు దగ్గరలోనే ఉంది. మన నగరాలలో బంగారు నగలు పోసే కార్ఖానాలలో ఉన్నది ఇదే మైనపు చెట్టు, ఇదే జిప్సం పొడి, ఇదే శూన్యయంత్రం. విమాన ఇంజన్ల స్థాయిలోనూ ఈ విద్యకు హైదరాబాద్ కేంద్రమే. ఇక్కడి రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల హెలికాప్టరు ఇంజనుకు ఏకస్ఫటిక రెక్కలను పోసి, తొలి విడతగా 60 రెక్కలను 2021లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించింది. నగల కార్ఖానాకు ముద్రించిన మైనపు భాగాలు తీసుకుపోయేవారు ముందుగా తేల్చుకోవలసిన సంగతులు రెండు. బంగారం కరిగే మూసలో ఇత్తడి వేయకూడదు, దానికి వేరే మూస ఉండాలి. ఒక్క భాగం కోసం బట్టీ వెలిగిస్తే గిట్టదు కనుక, చెట్టు నిండేటన్ని భాగాలు ఒకేసారి పట్టుకువెళ్లాలి. వాటిలో కొన్ని కొసలు నిండకుండా వస్తాయని ముందే లెక్క వేసుకుని, పన్నెండు నిలువులు కావలసినవారు పద్దెనిమిది పోయించుకుంటారు.